వార్డు కౌన్సిలర్ పని ఎలా చేయాలి: పదేళ్లు చేసి నేర్చుకున్నది

పశ్చిమ గోదావరి డెల్టాలో ఒక మున్సిపాలిటీకి నేను రెండుసార్లు కౌన్సిలర్‌గా చేశాను. 2005 నుంచి 2010 దాకా ఒకసారి, 2014 నుంచి 2019 దాకా ఇంకోసారి. మధ్యలో దాదాపు నాలుగేళ్లు ఎన్నికలు లేవు, కౌన్సిల్ లేకుండా ప్రభుత్వం వేసిన ప్రత్యేకాధికారుల పాలన నడిచింది. మొదటిసారి గెలిచినప్పుడు ప్రమాణం ఎలా చేయాలో చెప్పారు, ఎక్కడ సంతకం పెట్టాలో చూపించారు. ఆ తర్వాత ఏం చేయాలో చెప్పినవాళ్లు లేరు. మర్నాడు తెల్లవారుజామున ఐదింటికి గేటు చప్పుడైంది. చూస్తే ఖాళీ బిందెలు చంకన పెట్టుకుని ఇద్దరు ఆడవాళ్లు. "అమ్మా, రెండు రోజుల నుంచి మా వీధికి నీళ్లు రావట్లేదు" అన్నారు. ఎవరికి ఫోన్ చేయాలో నాకు తెలియలేదు. ఆ ఉదయానికి నాకు తెలిసి ఉండాల్సిన సంగతులు ఇక్కడ రాస్తున్నాను. కొత్తగా కౌన్సిలర్ అయ్యేవాళ్ల కోసం, అందులోనూ ఇల్లు చక్కబెట్టుకుంటూ మొదటిసారి కౌన్సిల్ హాల్లోకి అడుగుపెట్టే ఆడవాళ్ల కోసం.

మొదటి నెలంతా నడవండి

సన్మానాలు, దండలు వారంలో ముగించేయండి. ఆ తర్వాత రోజూ వార్డులో నడవండి. బండి మీద కాదు, కాళ్లతోనే. ఒకే వీధిని వేరువేరు వేళల్లో చూడాలి. తెల్లవారుజామున వెళ్తే ఏ కుళాయి దగ్గర బిందెలు క్యూ కట్టాయో తెలుస్తుంది. రాత్రి ఎనిమిది దాటాక వెళ్తే ఏ స్తంభానికి లైటు వెలగట్లేదో తెలుస్తుంది. ఇంకొకటి, చాలామంది చేయనిది: గట్టి వాన పడుతున్నప్పుడు గొడుగు వేసుకుని బయటికి రండి. మా డెల్టా నేల పల్లం, నీరు ఒక పట్టాన కదలదు. ఏ డ్రెయిను ఎటు పారుతుందో ఇంజనీరింగ్ సెక్షన్‌లో ఉన్న మ్యాపు కంటే ఆ వాన మీకు బాగా చూపిస్తుంది. నేను టౌన్ ప్లానింగ్ సెక్షన్ నుంచి వార్డు మ్యాపు జిరాక్స్ తెచ్చుకుని, వానలో తిరిగి వచ్చి, నీళ్లు పారే దిక్కుకి బాణాలు వేసుకున్నాను. మూడు చోట్ల నీళ్లు వెనక్కి వస్తున్నాయి. కట్టిన డ్రెయిను వాలు తప్పుగా ఉంది. పదేళ్లలో నేను వేయించిన పనుల్లో సగం ఆ కాగితంలోంచి వచ్చినవే.

నడిచేటప్పుడు శానిటరీ మేస్త్రీని వెంట తీసుకెళ్లండి. ఏ ఇంటివాళ్లు చెత్త డ్రెయిన్లో వేస్తారో, ఏ తూము ఎప్పుడూ పూడుకుపోతుందో ఆయనకి తెలిసినట్టు కమిషనర్‌కి కూడా తెలియదు. వాల్వు తిప్పే మనిషి, ఫిట్టర్, వీధి దీపాల లైన్‌మన్, బిల్ కలెక్టర్, అంగన్‌వాడీ టీచర్, ఆరోగ్య కార్యకర్త ఏఎన్ఎం, పొదుపు సంఘాల పని చూసే మెప్మా ఆర్పీ: వీళ్ల నంబర్లన్నీ ఒకే కాగితం మీద రాసి వంటింటి గోడకి అంటించుకోండి. తెల్లవారుజామున ఫోన్ వచ్చినప్పుడు మీరు ఉండేది అక్కడే.

తర్వాత ఒక పొడుగాటి నోట్‌బుక్ కొనండి, లెక్కలు రాసుకునే రకం. వీధికి నాలుగు పేజీలు వదలండి. చెప్పింది ఎవరు, సమస్య ఏమిటి, మీరు ఎవరికి చెప్పారు, ఏ తేదీన చెప్పారు, ఎప్పుడు అయింది. చివరి గడి ఖాళీగా ఉంటే అది మీకు బాకీ. వీధి లైటు అయితే స్తంభం నంబరు కూడా రాయండి. "రామాలయం పక్కన లైటు" అంటే లైన్‌మన్ ఇంకో రామాలయానికి వెళ్తాడు.

నీళ్లు

మా ఊరికి మంచినీళ్లు గోదావరి కాలవ నుంచి వస్తాయి. వేసవిలో మరమ్మతులకి కాలవలు కట్టేస్తారు. ఆ లోపల మంచినీళ్ల చెరువు నిండా పట్టుకోవాలి, ఆ నీళ్లతోనే మళ్లీ కాలవలు వదిలేదాకా ఊరంతా బతకాలి. అందుకని డెల్టాలో కౌన్సిలర్ అయినవాళ్లు మార్చిలోనే రెండు ప్రశ్నలు అడగాలి: కాలవలు ఎప్పుడు కడుతున్నారు, చెరువులో మట్టం ఎంతుంది. మే నెలలో అడిగితే ఎవరూ చేయగలిగింది ఏమీ ఉండదు. చెరువు గట్టు మీద ఉన్న కొలత పలక మీరే వెళ్లి చూడండి.

నీళ్లు రావడం ఒక సంగతి, అవి మంచి నీళ్లు కావడం ఇంకో సంగతి. 2007లో మా వార్డు చివరి సందులో వారం రోజుల్లో పిల్లలు వరసగా విరేచనాలతో పడిపోయారు. ట్యాంకు దగ్గర నీళ్లు పరీక్ష చేశారు, బాగానే ఉన్నాయన్నారు. నిజంగానే అక్కడ బాగున్నాయి. ఏఎన్ఎం గారు నన్ను కూర్చోబెట్టి క్లోరోస్కోప్ ఎలా వాడాలో నేర్పించారు. చిన్న డబ్బా, అందులో గాజు గొట్టం, ఒక మందు సీసా, పక్కన రంగుల పట్టీ. కుళాయి నీళ్లు గొట్టంలో గీత దాకా పట్టి, మందు చుక్కలు వేసి కదిపితే క్లోరిన్ ఉన్న నీళ్లు పసుప్పచ్చగా మారతాయి. ఆ పసుపుని పట్టీ మీద రంగుతో పోల్చాలి. ఇంటి కుళాయి దగ్గర కూడా లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. ట్యాంకు కింద పట్టిన నీళ్లు ముదురు పసుపుకి తిరిగాయి. సందు మొదట్లో లేత పసుపు. సందు చివర ఎంత కదిపినా రంగు రాలేదు.

అక్కడ తవ్వించాం. ఇళ్లకి వెళ్లే సన్నటి ఇనప గొట్టాలన్నీ మురుగు డ్రెయిను అడుగునుంచి వెళ్తున్నాయి. తుప్పు పట్టి ఒకదానికి బొటనవేలు పట్టేంత చిల్లు పడింది. నీళ్లు వదిలినంతసేపు చిల్లులోంచి బయటికి కారతాయి. వదలడం ఆపగానే గొట్టం ఖాళీ అవుతుంది, అప్పుడు మురుగుని అదే లోపలికి లాక్కుంటుంది. మర్నాడు మొదట పట్టిన బిందెలో వచ్చేది అదీ. పిల్లల తల్లులు ఆ గొట్టం చూసి ఏమీ మాట్లాడలేదు. ఆ మౌనం నాకు ఇప్పటికీ గుర్తుంది. గొట్టాలన్నీ డ్రెయిను పైనుంచి తీసుకెళ్లేలా మార్పించడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ ట్యాంకరు పెట్టించాను.

అందుకే చెప్తున్నాను. నీళ్ల పరీక్ష వీధి చివరి ఇంట్లో చేయించండి, ట్యాంకు దగ్గర చేస్తే సరిపోదు. ఒక కుళాయి దగ్గర ఉదయం నీళ్లు వాసన వస్తున్నాయని ఎవరైనా అంటే అదే రోజు వెళ్లండి. డ్రెయిన్లో గొట్టాలు కనిపించిన ప్రతి ఇంటి నంబరూ నోట్‌బుక్‌లో రాసుకుని, మొత్తం వార్డుకి కలిపి ఒకే ఎస్టిమేట్ వేయించండి. ఒక్కో ఇల్లూ విడిగా అడిగితే ఏళ్లు పడుతుంది. చేపల చెరువులు, రొయ్యల చెరువుల నీళ్లు కాలవల్లో కలుస్తున్న ప్రాంతమైతే ఇంకా జాగ్రత్త అవసరం.

రోడ్డు వేయించే ముందు

నా మొదటి సిమెంటు రోడ్డుని తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. మంజూరైందని సంబరపడ్డాను, కొబ్బరికాయ కొట్టాను. పాత రోడ్డు తీయకుండా దాని మీదే కొత్తది పోశారు. అంతకుముందు ఒకసారి కూడా అలాగే పోశారట. రోడ్డు పూర్తయ్యేసరికి ఆ వీధిలో పెంకుటిళ్ల గడపలు రోడ్డు కంటే కిందికి వెళ్లిపోయాయి. ఆగస్టు వానల్లో ఒక ముసలావిడ గుమ్మానికి అడ్డంగా ఇటుకలు పేర్చుకుని, తట్టతో నీళ్లు బయటికి తోడుకుంటూ కనిపించింది. నన్ను ఒక్క మాట అనలేదు. "రోడ్డు బాగుందమ్మా" అంది. ఆ పని చేయించింది నేనే. ఎస్టిమేట్ చదవకుండా సరేనన్నది నేనే.

ఆ తర్వాత ఏ రోడ్డు పెట్టినా ఇలా చేశాను. ముందు ఏఈతో (మున్సిపాలిటీ అసిస్టెంట్ ఇంజనీరుతో) కలిసి వీధి మొత్తం నడిచి, అన్నిటికంటే పల్లంగా ఉన్న ఇంటి గడప ఏదో చూసేదాన్ని. కొత్త రోడ్డు దానికంటే కిందే ఉండాలి. అంటే పాత రోడ్డు పగలగొట్టి తీసేయాలి, ఆ ఖర్చు ఎస్టిమేట్‌లో విడిగా కనపడాలి. ఆ పద్దు లేకపోతే కాంట్రాక్టరు తీయడు, తీయమని అడిగే హక్కు మీకూ ఉండదు. రెండోది, డ్రెయిను ముందు, రోడ్డు తర్వాత. మూడోది, కుళాయి గొట్టాలు. రోడ్డు వేసే నెల ముందు ఇంటింటికీ తిరిగి "కొత్త కనెక్షన్ కావాలంటే ఇప్పుడే పెట్టించుకోండి" అని చెప్పండి. కొత్త రోడ్డు వేసిన పదిహేను రోజులకి దాన్ని కోసి గొట్టం వేయడం కంటే ఊరికి నష్టం ఇంకోటి లేదు.

కాంక్రీటు పోసే రోజు అక్కడ ఉండండి. మీరు ఇంజనీరు కానక్కర్లేదు. ఎస్టిమేట్ నకలు, ఒక టేపు చాలు. కాంక్రీటు ఆగడానికి అంచున నిలబెట్టిన షీటు ఎత్తు ఎస్టిమేట్‌లో రాసిన మందానికి సరిపోతుందో లేదో కొలవండి, మధ్యలో కూడా చూడండి. చివర్లు లోతుగా తవ్వి మధ్యలో మట్టి దిబ్బగా వదిలేసే అలవాటు ఉంది. పోసిన మర్నాటి నుంచి నీళ్లు పెట్టడం అన్నిటికంటే ముఖ్యం. మా వైపు వరిగడ్డి పరిచి తడుపుతారు, లేకపోతే చిన్న చిన్న మట్టి గట్లు కట్టి నీళ్లు నింపుతారు. మొదటి వారం రోజూ మధ్యాహ్నం రెండింటికి వెళ్లి గడ్డి కింద చెయ్యి పెట్టి చూసేదాన్ని. పొడిగా తగిలితే అక్కడి నుంచే ఫోన్ చేసేదాన్ని. ఆ వీధిలో ఆడవాళ్లకి ఈ సంగతి చెప్పి పెడితే మీరు లేని పూట వాళ్లు చూసుకుంటారు.

డ్రెయిను కట్టాక, బిల్లు కాకముందే, ఎగువ చివర రెండు బిందెల నీళ్లు పోయించండి. దిగువ చివరికి వస్తే సరే. మధ్యలో నిలిచిపోతే సరిచేసేదాకా ఏఈ గారు ఎం-బుక్‌లో, అంటే బిల్లుకి ఆధారమయ్యే కొలతల పుస్తకంలో, కొలతలు ఎక్కించకూడదు. ఈ మాట నోటితో చెప్పి ఊరుకోకండి, కాగితం మీద రాసి ఇవ్వండి.

కౌన్సిల్ సమావేశం

అజెండా కాపీ మాకు మూడు రోజుల ముందు వచ్చేది. దాన్ని చదవకుండా సమావేశానికి వెళ్లకండి. మొదటి సమావేశంలో నలభైకి పైగా అంశాలు ఉన్నాయి. గుమాస్తా నంబరు చదవడం, అందరూ "ఆమోదం" అనడం, ఇంకో నంబరు. అరగంటలో అయిపోయింది. అందులో మా వార్డుకి సంబంధించిన అంశం ఒకటి ఉందని ఇంటికొచ్చాక తెలిసింది. రెండో నెల నుంచి రాత్రి భోజనాలయ్యాక అజెండా ముందేసుకుని ఎర్ర పెన్నుతో కూర్చునేదాన్ని. ఇప్పటికే చేసేసిన ఖర్చుకి తర్వాత ఆమోదం అడిగే అంశాల పక్కన ఒక గుర్తు. ఏ పద్దు నుంచి డబ్బు ఇస్తారో రాయని వాటి పక్కన ఇంకో గుర్తు. సమావేశం మొదలయ్యాక బల్ల మీద కొత్తగా పెట్టే అంశాలుంటాయి. వాటికి చదివే టైము ఇవ్వమని అడగండి. ఇవ్వకపోతే, మీకు నచ్చకపోతే, అసమ్మతి రాసి ఇవ్వండి. అరవాల్సిన పని లేదు. మినిట్స్‌లో, అంటే సమావేశంలో జరిగింది రాసే పుస్తకంలో, ఎక్కిందా లేదా అన్నది వచ్చే సమావేశంలో చూసుకోండి.

డబ్బు ఏ పద్దులో ఉందో తెలుసుకోవడం కౌన్సిలర్‌కి అక్షరాలు దిద్దుకోవడంలాంటిది. సాధారణ నిధులు వేరు, ఆర్థిక సంఘం గ్రాంట్లు వేరు, ఎస్సీ, ఎస్టీ కాలనీలకి కేటాయించినవి వేరు. 15వ ఆర్థిక సంఘం పది లక్షల లోపు జనాభా ఉన్న పట్టణాలకి ఇచ్చిన గ్రాంట్లలో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే వాడాలని నియమం పెట్టింది. అలాంటి డబ్బుతో మీకు రోడ్డు రాదు, ఆ డ్రెయిన్లో గొట్టాలు మార్పించే పని మాత్రం వస్తుంది. "మా వార్డుకి ఏమైనా చేయండి" అని అడిగినవాళ్లకి ఏమీ రాదు. "ఈ పద్దులో ఇంత మిగిలి ఉంది, ఈ వీధికి ఈ పని కావాలి, ఇదిగో ఇళ్ల నంబర్లు" అంటే కాదనడం కష్టం.

అర్జీ ఏదైనా, వచ్చిన కాగితాలు నమోదు చేసుకునే ఇన్‌వర్డ్ సెక్షన్‌లో ఇచ్చి నకలు మీద ముద్ర, నంబరు వేయించుకోండి. నేను మొదటి ఏడాదంతా అధికారుల చేతికే ఇచ్చాను. వాళ్లు బదిలీ అయ్యాక ఆ కాగితాలు ఎక్కడున్నాయో ఎవరికీ తెలియదు.

మాట ఇచ్చేటప్పుడు

74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. 12వ షెడ్యూల్లో మున్సిపాలిటీలకి ఇవ్వదగ్గ పనులు 18 రాశారు. రాసినవన్నీ మన చేతికి రాలేదు. జనానికి ఆ తేడా తెలియదు, తెలియాల్సిన అవసరం కూడా లేదు. రేషన్ కార్డు, పెన్షను, కరెంటు తీగలు, ఇంటి పట్టా అన్నీ మీ గుమ్మానికే వస్తాయి. "అది నా పని కాదు" అనకండి. "చేయించేస్తాను" అని కూడా అనకండి. ఆ పని ఏ ఆఫీసులో, ఎవరి దగ్గర, ఏ కాగితాలతో అవుతుందో తెలుసుకుని చెప్పండి, వీలైతే మొదటిసారి వెంట వెళ్లండి. ఒక వితంతువు పెన్షను కోసం నాలుగు నెలలు తిరిగింది. ఆధార్‌లో వయసు తప్పు పడింది, అంతే. అది చెప్పినవాళ్లు లేక తిరిగింది. 2019 అక్టోబర్ 2 నుంచి వార్డు సచివాలయాలు వచ్చాయి కాబట్టి ఇలాంటివి ఇప్పుడు కొంత సులువు. వార్డు కార్యదర్శులందరినీ పేరుపేరునా పరిచయం చేసుకోండి.

ఆస్తి పన్ను గురించి మాట్లాడడానికి మొహమాటపడకండి. ఏప్రిల్ 30 లోపు ఏడాది పన్ను మొత్తం కడితే 5 శాతం తగ్గుతుందని, ఆలస్యమైతే నెలకి 2 శాతం వడ్డీ పడుతుందని మార్చిలోనే ఇంటింటికీ చెప్పండి. మొదట మీ ఇంటి పన్ను కట్టి రసీదు తీసుకోండి.

పారిశుద్ధ్య కార్మికుల దగ్గర గౌరవంగా ఉండండి. పూడిక తీసి డ్రెయిను గట్టున పోస్తారు, ట్రాక్టరు మూడు రోజులకి కూడా రాదు, వాన పడితే అంతా మళ్లీ లోపలికే. జనం కార్మికులని తిడతారు. తప్పు ట్రాక్టరు షెడ్యూలుది. పూడిక తీసే రోజు, ఎత్తే రోజు వెంటవెంటనే ఉండేలా శానిటరీ ఇన్‌స్పెక్టర్‌తో మాట్లాడాల్సింది మీరు. గ్లౌజులు, బూట్లు ఇచ్చారా అని కూడా మీరే అడగాలి. వాళ్లు అడిగితే మర్నాడు పని ఉండదేమోనని భయపడతారు.

ఆడవాళ్లకి విడిగా ఒక మాట

సీట్లలో సగం మనకి వచ్చాయి. కుర్చీలో ఎవరు కూర్చుంటున్నారన్నదే ప్రశ్న. నేను గెలిచిన కొత్తలో అందరూ మావారికే ఫోన్ చేసేవారు, ఆయన్నే "కౌన్సిలర్ గారూ" అని పిలిచేవారు. ఆయన మంచి మనిషి. "మీ కౌన్సిలర్ లోపల ఉన్నారు, పిలుస్తానుండండి" అనేవారు. ప్రతి ఇంట్లో అలా ఉండదని నాకు తెలుసు. అందుకని ముందే మీ పేరు మీద సిమ్ తీసుకోండి, వార్డులో అందరికీ ఆ నంబరే ఇవ్వండి. ఖాళీ లెటర్‌హెడ్ మీద సంతకం పెట్టి ఎవరికీ ఇవ్వకండి, కట్టుకున్నవాడికైనా సరే. సమావేశానికి మీరే వెళ్లండి. మొదటి రెండుసార్లు గొంతు వణుకుతుంది. అడగాల్సింది కాగితం మీద రాసుకుని, నిలబడి చదివేయండి. నేను అలాగే చదివాను. మూడోసారికి కాగితం చూడక్కర్లేకపోయింది.

2014లో మార్చిలో ఓట్లు వేస్తే ఫలితాలు మేలో వచ్చాయి, జూలైలో ప్రమాణం చేశాం. 2019 జూలైలో గడువు అయిపోయింది. ఆ తర్వాత మళ్లీ ఎన్నికలు 2021 మార్చిలో. మా వార్డు నుంచి ఒక చిన్నమ్మాయి గెలిచింది, నేను ఉన్న పార్టీ కాదు. ఫలితాలు వచ్చిన వారానికి నోట్‌బుక్కులు, బాణాలు వేసిన మ్యాపు, క్లోరోస్కోప్ డబ్బా తీసుకుని వాళ్లింటికి వెళ్లాను. ఆ అమ్మాయి టీ ఇచ్చి, నోట్‌బుక్ తిరగేస్తూ, "ఈ ఖాళీ గడులన్నీ ఏంటి పిన్నిగారూ?" అని అడిగింది. పదిహేడు ఉన్నాయి. ఒక్కొక్కటీ చెప్పుకుంటూ వచ్చాను. కాలవ గట్టు మీద తూము దగ్గరికి వచ్చేసరికి, అది ఇక్కడ కూర్చుని చెప్తే అర్థం కాదమ్మా అన్నాను. చెప్పులు వేసుకుని ఇద్దరం అటు బయల్దేరాం.